వైరస్‌ని తీయొద్దు

ఇంటి కంప్యూటర్‌కి మొండి వైరస్ పట్టిందని ఎవరు వచ్చినా నేనిచ్చే సలహా ఒకటే: దాన్ని తీసే పని పెట్టుకోకండి. వినేవాళ్లకు ఇది తలకిందుల మాటలా ఉంటుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం వంతెన దాటి చర్ల దాకా ఏ కంప్యూటర్ షాపులో అడిగినా "తీసేద్దాం, సాయంత్రం వచ్చి తీసుకెళ్లు" అంటారు. తీస్తారు కూడా. కొద్ది రోజులకు అదే మళ్లీ వస్తుంది. మళ్లీ తీస్తారు. ఈ తీయడాల మధ్యలో ఫోటోలు పోతాయి, కాగితాలు పోతాయి, పాస్‌వర్డ్‌లు ఎవరి చేతికో చేరిపోతాయి. మన వైపు చేతులు మారే సలహాల్లో తప్పుడువి ఏవో, వాటి బదులు ఏం చేయాలో నాకు తెలిసినంత ఇక్కడ చెబుతాను.

అన్నిటికంటే చెడ్డ సలహా ఓదార్పులా వినిపిస్తుంది. "మన దగ్గర ఏముందిలే దోచుకోవడానికి? స్లోగా ఉన్నా నడుస్తోందిగా, వాడుకో." ఏముందో ఒకసారి తెరిచి చూడండి. మణుగూరులో సింగరేణి నుంచి రిటైరైన పెద్దాయన ఇంట్లో పెన్షన్ కాగితాల స్కాన్‌లు, బొగ్గుబాయి రోజుల ఫోటోలు ఉంటాయి. దుమ్ముగూడెం వైపు టీచర్ ఇంట్లో పిల్లల కుల ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఉంటాయి. గూడెంలో ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాడు ఒక్కడే అయితే చుట్టుపక్కల ఇళ్లన్నిటి ఆధార్ కాపీలు, పోడు పట్టాల ఫోటోలు, తునికాకు బోనస్ పడే బ్యాంకు ఖాతాల నంబర్లు వాడి డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. ఆ కంప్యూటర్‌లో నష్టం జరిగితే అది ఆ ఇంటితో ఆగదు.

పైగా ఈ ప్రోగ్రాములు మనిషిని చూసి రావు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ మొదలైతే మర్నాటికల్లా చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. ఆ పోలీసులను ఎవరూ ఎంచుకుని కొట్టలేదు. విండోస్‌లో ఒక కంత ఉంది. దాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. అప్‌డేట్ పడని యంత్రం నెట్‌వర్క్‌లో ఎక్కడున్నా అది దొరకబుచ్చుకుంది, అంతే. 2019 ఏప్రిల్ చివర్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ఇలాంటి దాడే జరిగింది. మన ఖమ్మానికి కరెంటిచ్చే ఎన్‌పీడీసీఎల్ కూడా అందులో ఉంది. ఇప్పుడు ఇళ్లలోకి వచ్చేవి ఎక్కువగా చప్పుడు చేయనివి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను, మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే కుకీలను మూటగట్టి పంపేస్తాయి. కుకీ చేతిలో ఉంటే మీ మెయిల్‌లోకి వెళ్లడానికి వాళ్లకు పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. స్లోగా ఉన్నా నడుస్తోందని ఊరుకున్న ప్రతి రోజూ ఆ మూట వెళుతూనే ఉంటుంది.

అయితే భయపడి పరుగెత్తే ముందు అది అసలు వైరసేనా అని చూడాలి. స్క్రీన్ కింద కుడి మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి, వెంటనే నొక్కండి" అని ఎర్ర డబ్బాలు వస్తున్నాయా? చాలా ఇళ్లలో అది వైరస్ కాదు, నోటిఫికేషన్. ఎప్పుడో సినిమా కోసమో పాత ప్రశ్నపత్రం కోసమో ఒక సైట్‌కి వెళ్తే "అలౌ" నొక్కమంది, నొక్కారు. ఇప్పుడు ఆ సైట్ బ్రౌజర్ ద్వారా ప్రకటనలు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ తెలియని పేర్లన్నీ తీసేస్తే రెండు నిమిషాల్లో గొడవ వదిలిపోతుంది. దీనికి షాపుకి డబ్బు కట్టాల్సిన పని లేదు. ఆ డబ్బాలో ఫోన్ నంబర్ ఉంటే మాత్రం దానికి ఎట్టి పరిస్థితిలోనూ ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ మీ స్క్రీన్ మీద నంబరేసి పిలవదు. అవతలివాడు ఎనీడెస్క్ అనే ప్రోగ్రాము వేయమంటాడు, వేస్తే మీ మౌస్ వాడి చేతికి వెళుతుంది. ఇలా నటించే కాల్ సెంటర్ల మీద 2023 అక్టోబర్‌లో సీబీఐ దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. ఇప్పటికే అలాంటి నంబర్‌కి చేసి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తొలి గంటల్లో చేస్తే డబ్బు బ్యాంకుల్లో ఆగే అవకాశం ఉంది.

ఇక నిజంగానే వైరస్ ఉందనుకుందాం. అప్పుడు వినిపించే మొదటి సలహా: "ఇంకో యాంటీవైరస్ ఎక్కించి చూడు." ఉన్నదాని మీద రెండోది, అదీ పట్టకపోతే మూడోది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి కాపలా కాస్తే ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి, యంత్రం ఇంకా కుంటుతుంది. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ వేరేది ఎక్కించగానే తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఎక్కించినది ట్రయల్ అయి నెలకు గడువు తీరితే, ఆ సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే, కాపలా బలహీనపడిందని కూడా తెలియదు. క్రాక్ చేసిన యాంటీవైరస్ వేసే షాపులూ ఉన్నాయి. దాన్ని గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

స్కాన్ చేస్తే "37 దొరికాయి, తీసేశాం" అని చూపించినా వైరస్ ఎందుకు తిరిగొస్తుంది? మొండి వైరస్ ఒక ఫైలులా ఒకచోట ఉండదు కాబట్టి. టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని రాసిపెట్టుకుంటుంది: ప్రతి అరగంటకూ ఫలానాది దించి నడుపు అని. రిజిస్ట్రీలో కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా లేచేలా ఒక వరుస రాసుకుంటుంది. ఒక సర్వీసుగా పేరు మార్చుకుని కూర్చుంటుంది. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా ఉంటుంది. దాన్ని మీరు తీసినా గూగుల్ ఖాతా సింక్ ద్వారా మళ్లీ దిగిపోతుంది. కొన్ని డిఫెండర్‌కే "ఈ ఫోల్డర్ చూడకు" అని మినహాయింపు రాసేస్తాయి. వీటిలో చాలావాటిని ఒక పట్టికగా చూపించే ఆటోరన్స్ అనే ఉచిత పనిముట్టు ఉంది, మైక్రోసాఫ్ట్‌దే. అది తెరిస్తే వందల వరుసలు. ఏది విండోస్‌ది, ఏది దొంగది అని వరుస వరుసా తేల్చగల ఓపిక, అనుభవం ఉన్నవాళ్లు తక్కువ. తేల్చాక కూడా "మొత్తం పోయింది" అని ఒట్టేసి చెప్పగలవాళ్లను నేను చూడలేదు. ఆ ఒట్టు లేకుండా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైట్ తెరవకూడదు. సిస్టమ్ రిస్టోర్‌తో వెనక్కి వెళితే సరిపోతుందన్న సలహా కూడా ఇక్కడే వీగిపోతుంది. ఏ రోజు పట్టిందో తెలియనప్పుడు ఏ రోజుకు వెళ్తారు?

భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అప్పుడు ఎవరూ వాకిట్లో నిలబడి చెంబుతో నీళ్లు తోడలేదు. కాగితాలు, బంగారం, మందులు పట్టుకుని ఎత్తుకు వెళ్లారు, తగ్గాక వచ్చి ఇల్లు మొత్తం కడుక్కున్నారు. కంప్యూటర్‌కీ చేయాల్సింది అదే: విలువైనవి బయటికి తీయడం, మిగతాది మొత్తం తుడిచేయడం, కొత్తగా వేసుకోవడం.

"అదేగా, ఫార్మాట్ కొట్టించమని మేమూ చెబుతున్నాం" అంటారు షాపు వాళ్లు. పేరు ఒకటే కానీ పని ఒకటి కాదు. ఒక షాపులో విన్న మాటలు ఇవి.

"తమ్ముడూ, మొన్ననే ఫార్మాట్ కొట్టించా కదా, మళ్లీ అదే వచ్చిందేంటి?"

"అన్నా, సీ డ్రైవ్ ఒక్కటే కొట్టా. డీ డ్రైవ్ ముట్టుకోవద్దని నువ్వే అన్నావుగా, ఫోటోలున్నాయని."

ఇద్దరి మాటా నిజమే. డీ డ్రైవ్‌లో ఫోటోలతో పాటు "సాఫ్ట్‌వేర్స్" అనే ఫోల్డర్ ఉంది. ఏళ్లుగా పోగైన సెటప్ ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి. రామ్‌నిట్, సాలిటీ లాంటి పాత జాతి వైరస్‌లు ఆ సెటప్ ఫైళ్లలోపలికే దూరతాయి. రామ్‌నిట్ అయితే సేవ్ చేసుకున్న వెబ్ పేజీల్లోకి కూడా వెళుతుంది. విండోస్ కొత్తగా వేసి, ఆ ఫోల్డర్‌లోంచి ఒక్క ప్రోగ్రాము ఎక్కించగానే కథ మొదటికి వచ్చింది.

రెండో లోపం ఇంకా పెద్దది. షాపులో వేసే విండోస్ తరచూ దొంగ కాపీ, దాన్ని నిజమైనదిగా నమ్మించడానికి ఒక యాక్టివేటర్ కావాలి. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు డిఫెండర్ ఆపమంటుంది. కాపలా ఆపి, నెట్‌లో ఎవరో ఇచ్చిన ప్రోగ్రాముకు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇచ్చి, ఆ తర్వాత వైరస్ ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కావడం లేదంటే ఎలా? స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం ప్రపంచమంతటా మామూలు ఇళ్లను కొట్టింది ఈ దారిలోనే: క్రాక్‌లు, కీజెన్‌లు, యాక్టివేటర్‌ల ముసుగులో. ఫైళ్లకు తాళం వేసి 980 డాలర్లు అడుగుతుంది, 72 గంటల్లో కడితే సగమంటుంది. పాస్‌వర్డ్‌లు దోచే ఇంకో ప్రోగ్రామును కూడా వెంట తెచ్చిన రకాలు ఇందులో ఉన్నాయి.

మన తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకమైన బలహీనత ఒకటుంది. పెళ్లికార్డు, కరపత్రం, సంఘం లెటర్‌హెడ్ తయారు చేయాలంటే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కావాలి. కొనకుండా క్రాక్ వేయించుకుంటారు. అది కొత్త విండోస్‌లో నడవదని పాత విండోస్ 7నే అంటిపెట్టుకుంటారు. విండోస్ 7కి భద్రతా అప్‌డేట్‌లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఫాంటు కోసం ఇల్లంతా తలుపులు తీసి పెట్టుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. లిబ్రెఆఫీస్‌లో వాటితో చక్కటి కరపత్రం వేయొచ్చు. ప్రెస్ వాళ్లు అనులోనే ఫైల్ ఇవ్వమంటే పీడీఎఫ్ ఇస్తామని చెప్పండి, చాలామంది తీసుకుంటారు. ఈ అలవాటు ఒక్కటి మారితే మన వైపు ఇళ్లలో సగం బెడద తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

పెన్‌డ్రైవ్‌ల సంగతికి వద్దాం. భద్రాచలం ఒక కూడలి. 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం, ఎటపాక నుంచి జనం ఇప్పటికీ పనుల మీద ఇక్కడికే వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి వస్తారు. జిరాక్స్ షాపులో ఒక్క కంప్యూటర్‌కి రోజంతా మూడు రాష్ట్రాల పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతుంటారు. ఒకదానిలో ఉన్నది సాయంత్రానికి అన్నిటిలోకీ వెళుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తాను నడిచే ఆటోరన్ సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లలో కూడా కట్టేసింది. దాంతో వైరస్ రాసేవాళ్లు షార్ట్‌కట్‌కి మారారు. మీ ఫోల్డర్‌ను దాచేసి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడతారు. మీరు ఫోల్డర్ అనుకుని నొక్కితే వైరస్ నడుస్తుంది, ఫోల్డరూ తెరుచుకుంటుంది, మీకు అనుమానం రాదు.

ఇక్కడ వినిపించే సలహా: "పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్, పోతుంది." పోయేది మీ ఫైళ్లు. అవి అక్కడే ఉన్నాయి, దాచి ఉన్నాయంతే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ'కి వెళ్లి 'హిడెన్ ఐటమ్స్' టిక్ పెట్టండి. అప్పటికీ కనబడకపోతే 'ఆప్షన్స్'లో రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు మసగ్గా కనిపిస్తాయి. కావలసినవి కాపీ చేసుకున్నాకే ఫార్మాట్. ఇంకా ముఖ్యమైనది: పెన్‌డ్రైవ్‌ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా, ఇంట్లో కంప్యూటర్‌కే వైరస్ ఉంటే గుచ్చిన మరుక్షణం మళ్లీ ఎక్కుతుంది. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టింది. దాని సైట్‌లో యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత పనిముట్టు ఇచ్చారు. మన హైదరాబాద్ సీడాక్‌లో తయారైనది. దాంతో ఏ పెన్‌డ్రైవ్ మన కంప్యూటర్‌లో పనిచేయొచ్చో మనమే తేల్చుకోవచ్చు. జిరాక్స్ షాపు నడిపేవాళ్లు ఇలాంటి కట్టడి పెట్టుకుంటే ఊరికి మేలు చేసినవాళ్లవుతారు. ఇళ్లవాళ్లకు నా మాట వేరే: షాపుకి తీసుకెళ్లడానికి ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా ఉంచుకోండి. ప్రింట్ కావలసిన పీడీఎఫ్ తప్ప అందులో ఇంకేమీ పెట్టకండి. ఇంట్లో బ్యాకప్ ఉన్న హార్డ్ డిస్క్‌ను మాత్రం షాపు కంప్యూటర్‌కి ఎప్పుడూ తగిలించకండి.

ఇప్పుడు పని. అనుమానం రాగానే నెట్ తీసేయండి, వైఫై ఆపండి. "నెట్ తీస్తే చాలు, వైరస్ చచ్చిపోతుంది" అనేది సగం సలహా. చావదు, మూట పంపడం ఆగుతుంది, అంతే. వెంటనే ఫోన్ నుంచో శుభ్రమైన వేరే కంప్యూటర్ నుంచో మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత బ్యాంకుది. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అవ్వండి. చాలామంది ఈ పాస్‌వర్డ్‌లను వైరస్ ఉన్న కంప్యూటర్ మీదే కూర్చుని మారుస్తారు. కొత్త తాళంచెవిని దొంగ చేతికే ఇవ్వడం అది.

ఫైళ్లు బయటికి తీయడానికి ఆ విండోస్‌ను నడపకపోతే మంచిది. ఉబుంటు లాంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద వేసి, దాని మీద నుంచి కంప్యూటర్ తెరిస్తే పాత విండోస్ నిద్రలోనే ఉంటుంది. మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి, దాన్ని ముందే రాసిపెట్టుకోండి. ఫోటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. సెటప్ ఫైళ్లు, క్రాక్‌లు, 'సాఫ్ట్‌వేర్స్' ఫోల్డర్ ఒక్కటి కూడా వెంట తేకండి. ఎంత కష్టపడి పోగేసినా సరే.

తర్వాత విండోస్. దాన్ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే, శుభ్రమైన కంప్యూటర్‌లో, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించాలి. చర్ల, వెంకటాపురం వైపు సెల్ సిగ్నల్‌తో నాలుగైదు జీబీ దించడమంటే మాటలు కాదు, మధ్యలో తెగితే మళ్లీ మొదటికి. ఖమ్మమో భద్రాచలమో వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల ఇంట్లో దించుకుని తెచ్చుకోండి. విండోస్ 8 లేదా ఆ తర్వాతి విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది, కొత్తగా కొనక్కర్లేదు, యాక్టివేటర్ అక్కర్లేదు. ఇది తెలియక ఎంతమంది దొంగ కాపీ వేయించుకుంటున్నారో! ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కస్టమ్' ఎంచుకుని, ఆ డిస్క్ మీదున్న భాగాలన్నీ, సీ, డీ తేడా లేకుండా చెరిపేయండి. గాలివాన రోజు ఈ పని పెట్టుకోవద్దు. చెట్టుకొమ్మ తీగ మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ మీద పెట్టి చేయండి.

వేసిన వెంటనే మొదట అప్‌డేట్‌లు, మిగతావన్నీ తర్వాత. డిఫెండర్‌ను అలాగే ఉండనివ్వండి, ఇంటికి అది చాలు. హార్డ్ డిస్క్ తగిలించి, దాన్ని పూర్తిగా స్కాన్ చేసి, అప్పుడు ఫైళ్లు తెచ్చుకోండి. క్రోమ్‌లో ఖాతా పెట్టేటప్పుడు ఎక్స్‌టెన్షన్‌ల సింక్ ఆపండి. వైరస్ మదర్‌బోర్డులోకి వెళ్లిపోయిందేమో, ఎలా వేసినా వస్తుందేమో అని కొందరు భయపెడతారు. అలాంటిది ఉంది. 2018లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన లోజాక్స్ అదే. కానీ అది ప్రభుత్వ సంస్థల మీద గురిపెట్టి వాడినది. మన ఇళ్లలో కొత్త విండోస్ వేశాక కూడా తిరిగొచ్చిందంటే దాదాపు ఎప్పుడూ కారణం పాత సెటప్ ఫైలో, పెన్‌డ్రైవో, సింకో.

విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు అయిపోయింది. పాత యంత్రం విండోస్ 11ను మోయలేకపోతే పారేయక్కర్లేదు. లైనక్స్ మింట్ వేస్తే నెట్ చూడటానికి, దరఖాస్తులు నింపడానికి, తెలుగు రాయడానికి హాయిగా పనికొస్తుంది. లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. పదో తరగతి పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

చివరగా, ఫైళ్లకు ఇప్పటికే తాళం పడినవాళ్లకు. డబ్బు కట్టొద్దు, కట్టినా తాళం తీస్తారన్న భరోసా లేదు. "ఎలాగూ పోయాయి, చెరిపేయ్" అనే సలహా కూడా వినొద్దు. తాళం పడిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు, బెదిరింపు నోటు ఫైలుతో సహా వేరే డిస్క్‌లో పెట్టి, కంప్యూటర్‌ను పైన చెప్పినట్టు తుడిచి వాడుకోండి. 2019 అక్టోబర్‌లో ఎమ్సిసాఫ్ట్ సంస్థ స్టాప్ రకాల్లో 148 రకాలకు ఉచిత తాళంచెవి ఇచ్చింది. అప్పటికే ఫైళ్లు చెరిపేసుకున్నవాళ్లకు అది ఎందుకూ పనికిరాలేదు. ఆ తర్వాత వచ్చిన రకాల్లో కూడా బెదిరింపు నోటులోని పర్సనల్ ఐడీ చివర 'టీ1' అని ఉంటే ఎప్పటికైనా తాళంచెవి దొరికే వీలుంది. పైగా స్టాప్ ఒక్కో ఫైలులో మొదటి 150 కేబీ మేరకే తాళం వేస్తుంది. పెద్ద పెళ్లి వీడియోల్లో చాలా భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది, వీడియో మరమ్మతు తెలిసినవాళ్లు దాన్ని బయటికి తీయగలరు. యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో మీ నోటు, ఒక తాళం పడిన ఫైలు పెడితే ఏ రకమో, తాళంచెవి వచ్చిందో లేదో చెబుతుంది. కొన్ని నెలలకోసారి అక్కడ చూస్తూ ఉండండి.